మూసారామ్ అనే ఫ్రెంచి సర్దారు

భువనగిరి నుంచి ఉప్పల్, అంబర్‌పేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ పోయేవాళ్లకు మూసీ వంతెన దాటగానే మూసారాంబాగ్ తగులుతుంది. నది పక్కనే ఉంది కాబట్టి మూసీ వల్లే ఆ పేరు వచ్చిందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. మీలో చాలామంది కూడా అలాగే అనుకుని ఉంటారు. నిజానికి అది ఒక మనిషి పేరు. ఆ మనిషి మనవాడు కాదు, ఫ్రాన్స్ నుంచి వచ్చినవాడు. మన బడిలో ఆయన పేరు వినకపోయినా, ఆయన గురించిన ఒక వాక్యాన్ని మాత్రం మనమందరం బట్టీ పట్టాం.

గుర్తు చేసుకోండి. సాంఘిక శాస్త్రం పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న: 'సైన్య సహకార పద్ధతి షరతులేవి?' ఇంగ్లీషు సైన్యాన్ని రాజ్యంలో ఉంచుకోవాలి, దాని ఖర్చు భరించాలి, ఇంగ్లీషువారు కాని ఐరోపావారిని కొలువులో పెట్టుకోరాదు, వారి అనుమతి లేకుండా ఇతర రాజ్యాలతో సంబంధాలు నడపరాదు. రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ మూడో షరతు ఎందుకు పెట్టారని మాత్రం అడగలేదు. దాని జవాబు మన ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్ట మీద సమాధిలో ఉంది.

ఆయన అసలు పేరు మిషెల్ జోషిం మరీ రేమండ్. 1755లో నైరుతి ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో, సెరిన్యాక్ అనే పల్లెలో, వర్తకుని ఇంట పుట్టాడు. 1775లో, ఇరవై ఏళ్ల వయసులో, సరుకుల వ్యాపారం కోసం పుదుచ్చేరి వచ్చాడు. వ్యాపారం కలిసిరాలేదో, కత్తి మీద మనసు పడిందో గాని, కొద్ది కాలానికే మైసూరు హైదర్ అలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో చేరాడు. తర్వాత సేనాని బుస్సీకి అంగరక్షక అధికారి అయ్యాడు. 1785లో బుస్సీ చనిపోయాడు. మరుసటి సంవత్సరం రేమండ్ హైదరాబాదు వచ్చి రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో కుదిరాడు.

మొదట ఆయన దగ్గర ఉన్నది కొన్ని వందల మంది సిపాయిలే. వాళ్లకు తుపాకులు కూడా సొంతం కావు. ఒక ఫ్రెంచి వర్తకుని దగ్గర తుపాకికి నెలకు ఎనిమిది అణాల లెక్కన అద్దెకు తెచ్చాడంటారు. అక్కడి నుంచి పన్నెండేళ్లలో ఆ దళం సుమారు 14 వేలకు పెరిగింది. ఐరోపా పద్ధతిలో కవాతు, ఫ్రెంచి అధికారులు, సొంత ఫిరంగులతో ఆనాటి దక్కనులో లెక్కలోకి తీసుకోవాల్సిన సైన్యం అది.

ఇంజనీరుగా నాకు ఆసక్తి కలిగించేది ఆయన ఫిరంగుల కార్ఖానా. ఫతే మైదానం దగ్గర, అంటే ఇప్పటి లాల్‌బహదూర్ స్టేడియం సమీపంలో, ఫిరంగులు పోతపోసే చోటును ఏర్పాటు చేశాడు. జనం దాన్ని 'తోప్ కా సాంచా' అన్నారు. ఇప్పటి గన్‌ఫౌండ్రీ అదే. ఫిరంగి పోత తేలిక పని కాదు. ఇంచుమించు తొమ్మిది పాళ్లు రాగికి ఒక పాలు తగరం కలిపి కరిగించాలి. మట్టి అచ్చులో తడి మిగిలినా, లోహంలో గాలి బుడగ చిక్కినా ఫిరంగి శత్రువు మీద కాక పేల్చినవాడి మీదే పగులుతుంది. సొంతంగా ఆయుధం తయారు చేసుకునే రాజ్యం ఒకరి ముందు చెయ్యి చాచనక్కరలేదు. ఇంగ్లీషువారిని కలవరపెట్టినది కూడా అదే.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం జరిగింది. ఖర్దా ఇప్పుడు మహారాష్ట్రలోని అహిల్యానగర్ (పూర్వపు అహ్మద్‌నగర్) ప్రాంతంలో ఉంది. గవర్నర్ జనరల్ జాన్ షోర్ తటస్థంగా ఉంటామని చెప్పి నిజాంకు సాయం నిరాకరించాడు. రేమండ్ పటాలాలు నిలబడి పోరాడుతుండగానే నిజాం వెనుదిరిగి ఖర్దా కోటలో తలదాచుకున్నాడు. చివరికి మూడు కోట్ల రూపాయలకు, కొంత రాజ్యానికి ఒప్పుకుని, తన దివాను అరిస్తూ జాను మరాఠాలకు అప్పగించి బయటపడ్డాడు. ఆపదలో ఆదుకోలేదన్న కోపంతో తన దగ్గరున్న రెండు ఇంగ్లీషు పటాలాలను పంపించివేశాడు.

ఆ గాయం మానకముందే ఇంట్లో నిప్పు రాజుకుంది. అదే సంవత్సరం జూన్‌లో నిజాం కొడుకు అలీ జా రాత్రికి రాత్రి హైదరాబాదు వదిలి, తండ్రి మీద తిరుగుబాటు చేసి బీదరు పట్టుకున్నాడు. ఇది పరాయి రాజుతో యుద్ధం కాదు. ఒకే రాజ్యం, ఒకే కుటుంబం రెండుగా చీలిన పోరు. సర్దారుల్లో ఎవరు ఎటు మొగ్గుతారో తెలియని ఆ సమయంలో నిజాం నమ్మింది రేమండ్‌నే. ఆయన అలీ జాను ఔరంగాబాదు దాకా తరిమి పట్టుకున్నాడు. హైదరాబాదుకు తెస్తుండగా దారిలోనే అలీ జా విషం మింగి చనిపోయాడు. సింహాసనం నిలిచింది, కొడుకు పోయాడు. రేమండ్ పలుకుబడి ఇంకెవరికీ లేనంతగా పెరిగింది. 'అజ్దర్ జంగ్' అనే బిరుదు దక్కింది.

ఆయన విధేయత ఎవరికి? ఇంగ్లీషువారు వేసిన ప్రశ్న ఇదే. ఆ పటాలాల మీద ఫ్రెంచి విప్లవ జెండా ఎగిరేది. టిప్పు సుల్తానుతోను, ఫ్రాన్సుతోను కలిసిపోతాడని వారి అనుమానం. అందులో నిజం ఎంతున్నా, పన్నెండేళ్ల కొలువులో రేమండ్ నిజాం మీద కత్తి ఎత్తలేదు. కొడుకే తిరగబడినప్పుడు పరాయివాడు పక్కన నిలిచాడు.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. అప్పటికి 43 ఏళ్లు కూడా నిండలేదు. విషప్రయోగమని పుకార్లు వచ్చాయి. ఆయన స్థానంలోకి పిరోన్ వచ్చాడు గాని రేమండ్‌కున్న పట్టు ఆయనకు లేదు. కొత్త గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ఆలస్యం చేయలేదు. సెప్టెంబరు 1న ఒప్పందం కుదిరింది. ఆరు వేల మంది ఇంగ్లీషు కంపెనీ సిపాయిలు, ఏటా 24 లక్షల రూపాయలకు పైగా ఖర్చు, ఫ్రెంచి దళం రద్దు. మనం బట్టీ పట్టిన మూడో షరతు ఇదే. అక్టోబరు 22న రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ ఆ దళాన్ని చుట్టుముట్టించాడు. కోఠీ మహిళా కళాశాల పాత భవనం కట్టించింది ఈయనే. అప్పటికే జీతాల బకాయిల కోసం సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడి ఉన్నారు. 14 వేల మంది సైన్యం కొన్ని గంటల్లో, నెత్తురు చుక్క పడకుండా ఆయుధాలు దించేసింది.

ఆ తర్వాతి కథ తెలుగువారందరిదీ. పెరిగిన సైన్యం ఖర్చుకు బదులుగా 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలంటే అవే, ఇప్పటి రాయలసీమలో ఎక్కువ భాగం. ఒక సైన్యం పోయిన రెండేళ్లకే తుంగభద్రకు ఆవలి తెలుగువారు ఒక పాలనలో, మనం మరో పాలనలో ఉండిపోయాం. ఆ ఎడబాటు ఒకటిన్నర శతాబ్దం సాగింది.

రేమండ్ సమాధి మలక్‌పేట అవతల ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. సుమారు 23 అడుగుల నల్లరాతి స్తంభం, దాని మీద ఆయన పేరు పొడి అక్షరాలు, పక్కన స్తంభాల మంటపం. 2001 వానల్లో ఆ మంటపం కూలిపోతే తర్వాత మళ్లీ నిలబెట్టారు. 'మొస్యూ' అన్న ఫ్రెంచి పిలుపు మన జనం నోట 'మూసా' అయింది. ముస్లింలు మూసా రహీమ్ అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. వర్ధంతి నాడు చాలాకాలం అక్కడ దీపాలు వెలిగించేవారు. రాజు ఇచ్చిన బిరుదు ఇవాళ ఎవరికీ తెలియదు, జనం పెట్టిన పేరు బస్సుల బోర్డుల మీదా మెట్రో స్టేషన్ మీదా ఉంది.

మన బ్యాచుల్లోనూ ఎందరో ఊరు వదిలి, సముద్రాలు దాటి, పరాయి దేశాల కొలువుల్లో ఉన్నారు. అక్కడివాళ్లు మన పేర్లను తమ నోటికి తగ్గట్టు మార్చి పిలుస్తుంటే కొంచెం నొచ్చుకుంటాం. రేమండ్ కథ తెలిశాక నాకు ఆ నొప్పి తగ్గింది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈసారి సైన్య సహకార పద్ధతి చెప్పేటప్పుడు పిల్లలను ఒక పూట ఆస్మాన్‌గఢ్ తీసుకుపోండి. షరతులు నాలుగూ అక్కడ రాతి స్తంభం కింద నిలబడి చదివితే, మళ్లీ బట్టీ పట్టే పని ఉండదు.