అరగదీస్తే వచ్చిన మెరుపు

మా నాన్నగారి అంబాసిడరు పెరట్లో ఏళ్ల తరబడి ఎండకి ఎండి, వానకి తడిసి, సున్నం కొట్టినట్టు పాలిపోయింది. పెయింటరు చేత రుద్దిస్తుంటే తెలిసింది, ఈ మెరుపుకీ ఓ చరిత్ర ఉందండోయ్!

ఒకప్పుడు కార్లకి పూసిన వార్నిషు ఆరడానికి వారాలు పట్టేవి. 1923లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు ఓక్‌లాండ్ కార్లకి డ్యూకో లాకరు వేయించారు. వారాల పని గంటల్లోకి వచ్చింది. కాకపోతే, ఆ పూతని రుద్దితేగానీ మెరవదు.

పాలిష్ అంటే పైన ఏదో పూయడమనుకున్నాను. కాదట! చెడిన పైపొరని సన్నగా అరగదీయడమట. అతిగా రుద్దితే అడుగుపూత బయటపడుతుంది.

చీకట్లో తాళంచెవి తడుముకుంటూ నాన్నగారు తలుపు మీద గీసిన గీత మాత్రం లోతుగా ఉంది.

"తీసెయ్యమంటారా అమ్మా?" అన్నాడు పెయింటరు.

"వద్దు నాయనా, అదొక్కటీ ఉండనీ" అన్నాను.