కతర్‌గామ్: ప్రకృతి విధించని కాఠిన్యం

మనిషి బతకడానికి అత్యంత కఠినమైన చోటు ఏదంటే సైబీరియాలోని ఒయిమ్యకోన్ పేరు చెబుతారు. 1933లో అక్కడ మైనస్ 67.7 డిగ్రీలు నమోదైంది. ఆ చలికి ఏ ప్రభుత్వమూ జవాబుదారీ కాదు. సూరత్‌లోని కతర్‌గామ్‌లో వలస కార్మికుడు అనుభవించే కాఠిన్యం అలాంటిది కాదు. దాన్ని సృష్టించింది మనుషులు, కొనసాగనిచ్చింది రాజ్యం.

తపతి ఒడ్డున ఉన్న కతర్‌గామ్ వజ్రాల సానకు, మరమగ్గాలకు పేరుపొందింది. సాన పనికి ప్రధానంగా సౌరాష్ట్ర వారు వస్తే, మగ్గాల మీదకు ఒడిశాలోని గంజాం వారు వచ్చారు. తెలంగాణ పద్మశాలీలూ బతుకుదెరువు కోసం సూరత్ బాట పట్టినవారే. మరమగ్గం పని సాధారణంగా 12 గంటల షిఫ్టు. ఒకరు పనికి వెళ్లగానే అదే చాప మీద మరొకరు నడుం వాలుస్తారు. గది అద్దె ఇద్దరికీ పడుతుంది, నిద్ర మాత్రం వంతులవారీగా దక్కుతుంది.

ఈ జీవితం దేశం కంట పడటానికి 1994 సెప్టెంబరులో ప్లేగు రావలసి వచ్చింది. వరదనీరు నిలిచి, చెత్త కుళ్లిన పరిస్థితుల్లో కతర్‌గామ్ పరిసరాల్లోని వేడ్ రోడ్డు మురికివాడలు ఆ వ్యాధికి ప్రధాన కేంద్రమయ్యాయి. సుమారు 50 మంది మరణించారు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది నగరం విడిచిపోయారు. ప్రైవేటు వైద్యులు అనేకులు ఆసుపత్రులకు తాళాలు వేసి వెళ్లిపోయారు. గల్ఫ్ దేశాలు భారత విమానాలను నిలిపివేశాయి. అప్పుడు గాని పాలకులకు చీపురు గుర్తుకు రాలేదు.

1995 మేలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు యంత్రాంగాన్ని కదిలించారు. జోన్ల అధికారులకు ఖర్చు చేసే అధికారం ఇచ్చి, ఏసీ గదుల నుంచి రోజూ వీధుల్లోకి నడిపించారు. పలుకుబడి ఉన్నవారి అక్రమ కట్టడాలనూ వదలలేదు. మురికివాడలకు రోడ్లు, మరుగుదొడ్లు వచ్చాయి. రెండేళ్లు తిరగకముందే సూరత్ దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా పేరు తెచ్చుకుంది. సంకల్పం ఉంటే పాలన ఏం చేయగలదో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

అయితే ఆ సంస్కరణ గడప దగ్గరే ఆగిపోయింది. వీధి మారింది, గది మారలేదు. చెవులు చిల్లులు పడే మగ్గాల మోత మారలేదు. చెత్త నుంచి వచ్చే రోగం ధనికుడినీ తాకుతుంది కాబట్టి వీధి శుభ్రపడింది. కార్మికుడి నిద్రలేమి అతని ఒంటితోనే పోతుంది కాబట్టి ఎవరికీ పట్టలేదు.

చట్టం లేక కాదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వసతి, స్థానభ్రంశ భత్యం ఇవ్వాలని చెప్పింది. కానీ అది కాంట్రాక్టరు తీసుకొచ్చినవారికే వర్తించింది. అన్నదమ్ముల వెంట, ఊరివారి వెంట తనంతట తాను రైలెక్కి వచ్చినవాడు ఆ చట్టం దృష్టిలో వలస కార్మికుడే కాడు. సూరత్ మగ్గాలు నడిచింది ఎక్కువగా అటువంటివారితోనే. 2020లో ఆ చట్టాన్ని కొత్త కార్మిక స్మృతిలో కలిపేశారు.

అదే ఏడాది లాక్‌డౌన్ వచ్చింది. కూలి ఆగింది, తిండి కరవైంది. షిఫ్టుల లెక్కన కిక్కిరిసిన గదుల్లో అందరూ ఒకేసారి ఉండాల్సి వచ్చింది. భౌతిక దూరం పాటించమన్న ఆదేశం అక్కడ పరిహాసమైంది. ఏప్రిల్‌లో కార్మికులు ఊళ్లకు పంపమంటూ సూరత్ వీధుల్లోకి వచ్చారు. 1994లో రోగానికి భయపడి పారిపోయారు. 2020లో ఆకలికి భయపడి వెళ్లిపోతామన్నారు.

దీని వెనుక ఉన్న రాజకీయం సులువుగానే అర్థమవుతుంది. వలస వచ్చినవారిలో చాలామందికి ఓటు సొంత ఊళ్లో, శ్రమ పరాయి ఊళ్లో. సూరత్ నేతకు వారి ఓటు అక్కర్లేదు. గంజాం నేతకైనా, సిరిసిల్ల నేతకైనా సూరత్ గది గురించి జవాబు చెప్పే అవసరం లేదు. కార్మికుడు పనిచేసే చోట అతని ఓటు, రేషన్, వసతి లెక్కకు వచ్చేదాకా ఈ స్థితి మారదు. ఒయిమ్యకోన్ చలిని ఏ శాసనసభా తగ్గించలేదు. కతర్‌గామ్ గదికి ఒక కిటికీ, కార్మికుడికి ఎనిమిది గంటల పని మాత్రం శాసనసభలు ఇవ్వగలిగినవే.