పాఠశాలలో ఉదారవాదము

కొన్ని సంవత్సరముల క్రిందట పదవ తరగతి పిల్లలకు ఉదారవాదమును గూర్చి పాఠము చెప్పుచుంటిని. వ్యక్తిస్వాతంత్ర్యము, చట్టము నెదుట సమానత్వము, ప్రజల సమ్మతిగల ప్రభుత్వము, ఆస్తిహక్కు అని నాలుగు లక్షణములను నల్లబల్లమీద వ్రాసితిని. పిల్లలు తలవంచి వ్రాసికొనుచుండిరి. వెనుకవరుసలోనుండి యొక బాలిక లేచి, “మాస్టారూ, స్వాతంత్ర్యమంటే వారికి అంత ప్రీతి అయితే మన దేశాన్ని ఎందుకు ఏలారండీ?” అని యడిగెను. గంట కొట్టుటకు ఐదు నిమిషములే యుండెను. “అది పరీక్షలో రాదమ్మా, కూర్చో” అంటిని. ఆమె కూర్చుండెను, ఆ సంవత్సరమంతయు మరల నొక్క ప్రశ్నయు నడుగలేదు.

స్వాతంత్ర్యమును బోధించుచునే యొక ప్రశ్న నోరు మూయించినవాడను నేను. ఈ వ్యాసము ఆ బాలికకు ఆలస్యముగా చెప్పుచున్న సమాధానము.

మన పాఠములలో ఉదారవాదము, సంప్రదాయవాదము, సామ్యవాదము అనునవి కొట్టులోని డబ్బాలవలె చీటీలంటించుకొని వరుసగా కూర్చుండును. ఏ డబ్బాలో నేమున్నదో చెప్పినచో మార్కులు వచ్చును. కాని చరిత్రలో నివి యట్లు పుట్టలేదు. ఒకరి మాటకు మరియొకరు చెప్పిన ప్రత్యుత్తరములుగా పుట్టినవి. ఎవరి మాటకెవరు బదులు చెప్పిరో తెలియనివాడు బదులును కంఠస్థము చేయగలడే గాని గ్రహింపలేడు.

ఉదారవాదులను పేరు రాజకీయపక్షమునకు మొదట వచ్చినది స్పెయినులో. నెపోలియను సైన్యము లా దేశము నాక్రమించియున్న కాలమున కాడిజ్ శాసనసభవారు 1812లో నొక రాజ్యాంగమును నిర్మించి రాజాధికారమునకు హద్దులు పెట్టిరి. కాని యదే రాజ్యాంగమునందు కాథలిక్ మతము తప్ప తక్కిన మతముల ఆచరణము నిషేధింపబడెను. పేరు పుట్టిననాడే లోపమును గూడ పుట్టినదన్నమాట.

ఇక బాలిక ప్రశ్నకు వచ్చెదను. ఎడ్మండ్ బర్క్ అను నతడు ఫ్రెంచి విప్లవమును ఖండించుచు 1790లో గ్రంథము వ్రాసి సంప్రదాయవాదమునకు మూలపురుషుడని పేరుపొందెను. తరతరముల అనుభవముచే నేర్పడిన వ్యవస్థలను కేవల తర్కముతో కూలద్రోయరాదని యతని వాదము. ఆ బర్కే వారన్ హేస్టింగ్సు మన దేశమున చేసిన పాలనను నేరముగా నెన్ని, 1788లో ప్రారంభమైన విచారణలో ముందుండి వాదించెను. 1795లో హేస్టింగ్సు నిర్దోషిగా విడువబడెను.

మరి 1859లో స్వేచ్ఛను గూర్చి ప్రసిద్ధగ్రంథము ప్రకటించిన జాన్ స్టూవర్టు మిల్లు ఎవరి కొలువులో నుండెను? 1823 మొదలు 1858 వరకు ముప్పదియైదేండ్లు ఈస్టిండియా కంపెనీ కొలువులో. స్వేచ్ఛాసూత్రము నాగరికతలో వెనుకబడిన సమాజములకు వర్తింపదనియు, వారి అభివృద్ధికైనచో నిరంకుశపాలనము సైతము న్యాయ్యమేయనియు ఆ గ్రంథముననే వ్రాసెను. సంప్రదాయవాది మనకై వాదించెను; స్వేచ్ఛావాది మనలను మినహాయించెను. చీటీలను నమ్ముకొన్న విద్యార్థి ఇచ్చట తబ్బిబ్బు కాక తప్పదు.

అట్లని మిల్లును త్రోసిపుచ్చుట తగునా? స్త్రీలకు వోటుహక్కు నీయవలెనని 1867లో పార్లమెంటులో ప్రతిపాదించినవాడతడే. అనుకూలముగా వచ్చినవి 73 వోట్లు మాత్రమే. తన పక్షము మాత్రమే యెరిగినవాడు తన పక్షమును గూడ సరిగా నెరుగడనియు, ప్రతిపక్షవాదమును దానిని నిజముగా నమ్మినవారి నోటనే వినవలెననియు బోధించినవాడును అతడే. మిల్లు దోషమును పట్టుకొనుటకు మనకు కావలసిన కొలబద్దను మిల్లే యిచ్చిపోయెను. దానిని చేతబట్టినవారిలో దాదాభాయి నౌరోజీ యొకడు. 1892లో లండనులోని సెంట్రల్ ఫిన్స్‌బరీనుండి ఉదారపక్షపు అభ్యర్థిగా 5 వోట్ల ఆధిక్యముతో పార్లమెంటున ప్రవేశించెను. 1901లో ప్రకటించిన గ్రంథమున, భారతదేశపు దారిద్ర్యమునకు కారణమైన యీ పాలన బ్రిటిషువారి ధర్మమునకే విరుద్ధమని వారి సూత్రములతోనే వారిని నిలదీసెను.

సామ్యవాదుల ప్రత్యుత్తరము వేరు. ఇంగ్లండులో బట్టలమిల్లులు పెరిగినప్పుడు, యజమానియు కూలివాడును స్వేచ్ఛగా చేసికొన్న ఒప్పందములో ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని పలువురు ఉదారవాదులు వాదించిరి. ఆకలిగొన్న కుటుంబమునుండి వచ్చిన పసివాడు చేసికొన్నది ఒప్పందమగునా? 1833లో వచ్చిన చట్టము చాలవరకు బట్టలమిల్లులలో తొమ్మిదేండ్లు నిండని పిల్లలచే పని చేయింపరాదని శాసించెను. ఆస్తి లేనివానికి స్వేచ్ఛ యేమి యని ప్రశ్నించిన కమ్యూనిస్టు ప్రణాళిక 1848లో వెలువడెను. ఆ ప్రశ్నకు ఉదారవాదులు తలయొగ్గక తప్పలేదు. ఇంగ్లండులో వృద్ధులకు పింఛను నిచ్చు 1908 నాటి చట్టమును చేసినది ఉదారపక్ష ప్రభుత్వమే.

అయినను ప్రశ్న మంచిదైనంతమాత్రమున సమాధానము మంచిది కానేరదు. రష్యాలో ప్రజలెన్నుకొన్న రాజ్యాంగసభను బోల్షెవిక్కులు 1918 జనవరిలో నొక్క సమావేశముతోనే రద్దు చేసిరి. జర్మనీలో 1933 మార్చి 23న హిట్లరునకు సర్వాధికారములిచ్చు చట్టము వచ్చినప్పుడు, ప్రతికూలముగా వోటు వేసినవారు 94 మంది సోషల్ డెమోక్రాట్లు. అప్పటికే కమ్యూనిస్టు సభ్యులను సభకు రానీయకుండిరి. సభలో మిగిలిన ఐదుగురు ఉదారవాదులు అనుకూలముగా వోటు వేసిరి! స్వాతంత్ర్యము పేరు పెట్టుకొన్నవారు దాని మెడకు ఉరి బిగించుటకు చేయి కలిపిరి. ఏ వాదమును తన్నుతాను కాపాడుకొనలేదు. దానిని నమ్మిన మనుష్యులు కష్టకాలమున నిలబడవలెను.

మన రాజ్యాంగపు పీఠికలో స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాతృత్వము మూడును ప్రక్కప్రక్కనే యున్నవి. ఈ మూటిని విడదీసినచో ప్రజాస్వామ్యము నిలువదని అంబేద్కరు 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో హెచ్చరించెను. పైని చెప్పిన చరిత్రయంతయు ఆ హెచ్చరికకు వ్యాఖ్యానమే.

ఇప్పుడు నా తరగతిలో పద్ధతి మార్చితిని. ప్రతి విద్యార్థియు తనకు నచ్చని పక్షమును తీసికొని, ఆ పక్షమువారు విని “మా మాట సరిగా చెప్పినావు” అనునట్లు వాదింపవలెను. ఇందుచే పాఠము వెనుకబడుచున్న మాట నిజమే. నాకు తెలియని ప్రశ్నలును వచ్చుచున్నవి. తెలియదని చెప్పుట మొదట కష్టముగా నుండెను; ఇప్పుడు కొంత అలవాటైనది.

అయితే బడిలో నేర్చినది ఇంట నిలువవలెను గదా. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న తొలి వితంతువివాహమును జరిపించుటకు ముందు, ఎదిరిపక్షపు పండితులకు శాస్త్రప్రమాణములతోనే సమాధానములు చెప్పిరి. ఆయనయు బడిపంతులే. మన యిండ్లలో అట్టి వాదమునకు చోటున్నదా? పదవ తరగతి ముగిసిన ఆడపిల్ల ఇకముందేమి చదువవలెనో పెద్దలు మాటలాడుకొనునప్పుడు, ఆ పిల్లను పిలిచి కూర్చుండబెట్టి యడుగు ఇండ్లెన్ని? తండ్రి మాటకు కాదనిన కూతురును పెంకెపిల్ల యనకుండ, కారణమేమని యడుగు తండ్రులెందరు? నల్లబల్లమీది నాలుగు లక్షణములకును పరీక్ష ఆ ఘడియలోనే జరుగును.

నా పరీక్ష యొకటి ఐదు నిమిషములలో జరిగినది. నేను తప్పితిని. ఆ బాలిక యిప్పుడెక్కడ నున్నదో గాని, ఆమె ప్రశ్న మాత్రము ప్రతి సంవత్సరము ఆ పాఠమునకు మొదట నల్లబల్లమీద వ్రాయుచున్నాను. లక్షణములు దాని తరువాత వచ్చును.