దాదీ దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ లేదు

"మీ ఇళ్లల్లో రోజూ బిర్యానీయేనా?" అని దోస్తులు అడుగుతూనే ఉంటారు. మొహబ్బత్‌తోనే అడుగుతారు, అందులో శక్ లేదు. కానీ ఆ సవాలు వెనక ఒక గలత్ తారీఖు దాగి ఉంది. ముసల్మాను అంటే నవాబు, నవాబు అంటే బిర్యానీ అనే హిసాబు అది. కర్నూలును నవాబులు ఏలిన మాట నిజమే. 1839లో కంపెనీ వాళ్లు ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దింపి ఆ రియాసత్‌ను కలిపేసుకున్న మాటా నిజమే. అయితే నవాబు దస్తర్‌ఖాన్ వేరు, పత్తి ఏకే దూదేకుల సాయిబు ఇంటి తట్ట వేరు. మన గురించి రాసిన కితాబులన్నీ మొదటిదాని చుట్టే తిరిగాయి. రెండోదాని సంగతి రాసినవాళ్లు తక్కువ.

గడివేముల వైపు మా ఇళ్లల్లో అసలు ఖానా జొన్నరొట్టె. ఇక్కడి నల్లరేగడి నేల వాన నీటిని కడుపులో దాచుకుని, చలికాలం పొడుగునా పైరుకు కొంచెం కొంచెంగా ఇస్తుంది. జొన్నకు అది చాలు. జొన్న పక్కన కొర్ర. రెడ్ల ఇంట్లో, మాదిగల ఇంట్లో, మా ఇంట్లో అదే రొట్టె. పేరొక్కటే మారేది. వాళ్లు జొన్నరొట్టె అంటే మా దాదీ జవార్ కీ రోటీ అనేది. వేడినీళ్లు పోసి పిండి పిసికి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిచెయ్యి తిప్పే తరీఖా మాత్రం అందరిదీ ఒక్కటే. పక్కన వంకాయ కూర, చెనిక్కాయల చట్నీ, ఎర్రకారం. మా ఇంటి ఖాస్ రుచి ఏదంటే చింతపండు ఖట్టా. అది ఖిచిడీలోకీ, కొర్రన్నంలోకీ కూడా సరిపోయేది. బగారా ఖానా, దాల్చా, గోష్ట్ షాదీలకు, ఈదులకు. పీర్ల పండక్కి మలీదా. రొట్టెను నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చేసే ఆ మలీదాను హిందువుల ఇళ్లల్లోనూ చేసి పీర్ల చావిడికి తెచ్చేవాళ్లు. వంటింటికి మజహబ్ అడ్డం రాలేదనడానికి ఇంతకంటే సబూత్ ఏం కావాలి?

మరి బియ్యం ఎప్పుడొచ్చింది? దీని జవాబు కాలవలో ఉంది. ఆర్థర్ కాటన్ ఆలోచన మీద మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1863లో సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కాలవ తవ్వడం మొదలుపెట్టింది. అదే మన కె.సి. కెనాల్. కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడప దాకా నీళ్లే కాదు, పడవలూ నడుస్తాయని కంపెనీ వాళ్ల ఉమ్మీద్. కానీ రైతులు నీళ్ల కోసం ఎగబడలేదు. రేగడిలో జొన్న వాన మీదే పండుతుంటే పైసలిచ్చి నీళ్లు ఎందుకు కొనాలి? కంపెనీ నష్టాల్లో మునిగింది. 1882లో సర్కారు కాలవను ఖరీదు చేసుకుంది.

ఈ మధ్యలోనే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కహర్‌లో కర్నూలు జిల్లా బాగా చితికిపోయింది. వానొక్కదాన్ని నమ్ముకున్న జొన్న ఆ ఏళ్లలో చేతికి రాలేదు. కరువు పనులకు పోయిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద చిల్లర చాలని రిచర్డ్ టెంపుల్ ఖరారు చేశాడు. ఒక పౌను అంటే దాదాపు 450 గ్రాములు. పొద్దంతా మట్టి మోసే మనిషికి ఇది చాలదని మద్రాసు సానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఇంటి తిండి తారీఖు రాసేటప్పుడు ఏం తిన్నారో రాస్తే సరిపోదు, ఏం దొరకలేదో కూడా రాయాలని నేను అనేది ఇందుకే.

ఆ తర్వాత కాలవ కింద మెల్లగా వరి పెరిగింది. అయినా మెట్ట ఊళ్లల్లో గరీబు ఇంటికి వరి అన్నం రోజువారీ తిండి కాలేదు. పండక్కి, చుట్టాలొస్తే, జబ్బు చేస్తే వండేవాళ్లు. 1983లో ఎన్టీఆర్ సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు అది గరీబు కడుపు నింపడంతో ఆగలేదు, ఇజ్జత్ కూడా ఇచ్చింది. దొరలు తినే తెల్లన్నం మా తట్టలోకీ వచ్చిందనే ఖుషీ అది. కొర్ర పొలాలు తగ్గిపోయాయని ఈరోజు బాధపడేవాళ్లు ఆ ఖుషీని తక్కువ చేసి మాట్లాడొద్దని నా అర్జీ.

ఇప్పుడు జమానా తిరగబడింది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. 1906 నుంచి పనిచేస్తున్న మన నంద్యాల పరిశోధనా స్థానం సూర్యనంది లాంటి కొర్ర రకాలు ఇచ్చింది. దాదీ తిన్న కొర్ర ఈరోజు అందమైన పాకెట్‌లో, బియ్యం కంటే మహంగాగా అమ్ముడవుతోంది. పాత తిండంతా అమృతమని జనం నమ్ముతున్నారు. ఇక్కడ మనం కొంచెం ఆగి సోచాయించాలి.

అమెరికా దక్షిణాది ఇళ్లల్లో మన సంగటి లాంటిదే ఒకటుంది. మొక్కజొన్న నూకను నీళ్లలో ఉడికిస్తారు, పేరు గ్రిట్స్. అది అక్కడి మూలవాసుల నుంచి నేర్చుకున్న తిండి. ఒకప్పుడు గరీబుల కూడు, ఇప్పుడు పెద్ద హోటళ్లలో షాన్‌గా వడ్డిస్తున్నారు. కానీ 1900 తర్వాత అదే దక్షిణాదిలో మొక్కజొన్న మీదే బతికిన కూలీలకు పెలాగ్రా అనే బీమారీ పట్టుకుంది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు అయ్యేవి, చివరికి దిమాగ్ చెదిరిపోయేది. అది అంటురోగమని చాలామంది అనుకున్నారు. 1914లో ఆ పని మీద దిగిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్, అసలు వజహ్ తిండిలోని లోటేనని చూపించాడు. మూలవాసులు మొక్కజొన్నను సున్నపు నీళ్లలోనో బూడిద నీళ్లలోనో ఉడికించేవాళ్లు. దాంతో అందులోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేది. గింజను తీసుకున్న కొత్తవాళ్లలో ఎక్కువమంది ఆ తరీఖాను వదిలేశారు.

ఇది పరాయి దేశం ఖిస్సా అనుకోకండి. మన దక్కన్‌లో జొన్న మీదే బతికే గరీబుల్లోనూ పెలాగ్రా కనిపించింది. హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సాథీలు 1960 ప్రాంతంలో దీని మీద పనిచేశారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం మోతాదు మించి ఉండడం కూడా ఒక కారణమని వాదించారు. మతలబ్ ఏమిటంటే, జొన్నరొట్టె మంచిదే, కానీ ఒట్టి జొన్నరొట్టె చాలదు. దాని పక్కన పప్పు, ఆకుకూర, చెనిక్కాయల చట్నీ ఉండాలి. చెనిక్కాయలో నియాసిన్ దండిగా ఉంటుంది. రొట్టెలోకి ఆ చట్నీ నూరిన ఆడవాళ్లకు విటమిన్ పేరు తెలియదు. నోటికి రుచి తెలుసు, పిల్లల ఒంటికి ఏది పడుతుందో తెలుసు.

తమాషా ఏమిటంటే ఆ చెనిక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. మిరపకాయా అక్కడి ఖండాల నుంచే పోర్చుగీసు ఓడల వెంట 1500 తర్వాత మన తీరానికి దిగింది. అంతకుముందు మన కారం మిరియాలదే. అందుకే మిరియం పేరు మిరపకు అంటుకుంది. టమాటాదీ అదే రాస్తా. సీమ కారం, సీమ చట్నీ అని మనం ఫఖర్ పడే రుచుల్లో సగం ముసాఫిర్లే. వచ్చాయి, నేలకు అలవాటయ్యాయి, మనవైపోయాయి. ఎవరు అసలువాళ్లు, ఎవరు బయటివాళ్లు అని హిసాబు తీసేవాళ్లు ముందు తమ రోట్లో ఏముందో చూసుకోవాలి.

కాబట్టి మిత్రులారా, పాత తిండిని నెత్తిన పెట్టుకోవద్దు, కాలదన్నొద్దు. కొర్ర పాకెట్ కొనుక్కోండి, మంచిదే. కానీ ఒక గింజ కొన్నంత మాత్రాన దాదీల దస్తర్‌ఖాన్ తిరిగి రాదు. ఆ దస్తర్‌ఖాన్ అంటే రొట్టె పక్కన ఏముండాలో తెలిసిన ఇల్మ్. అది ఏ కితాబులోనూ లేదు, మన ఇళ్లల్లోని ముసలి అమ్మల చేతుల్లో ఉంది. ఖట్టాలో చింతపండు ఎంత, చట్నీలో చెనిక్కాయలు ఎంత దోరగా వేగాలి, కరువొచ్చినప్పుడు ఏ ఆకు ఏరుకొచ్చారు అని కూర్చుని అడగండి, రాసిపెట్టండి. నవాబుల తారీఖు రాయడానికి మున్షీలు ఉండేవాళ్లు. మన అమ్మల తారీఖుకు మనమే మున్షీలం.