సముద్రతీరపు తెరువు: నడచినవారు, మోసినవారు

సిద్ధిపేటవాసి సముద్రతీరపు తెరువును గూర్చి ప్రసంగించుటయా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మన కోమటిచెఱువు కట్టపై నిలిచి తూర్పునకు చూచినవానికి చేలు, గుట్టలు, తాటిచెట్లు కనబడును గాని కెరటము కనబడదు. మిక్కిలి దగ్గఱ తీరమైనను మనకు సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను పూర్వము సముద్రము మన మెతుకుసీమ యిండ్లకు వచ్చుచునే యుండెను. ఉప్పు రూపమున వచ్చుచుండెను. తీరమందలి ఉప్పుమడులనుండి లంబాడీలు ఎద్దులమీద పెరికెలు వేసి, దినమునకు కొన్ని కోసుల చొప్పున నడచి, మెట్టసీమలకు ఉప్పు తెచ్చి, మఱల ధాన్యము వేసికొని పోవుచుండిరి. మన తాతముత్తాతల గంజిలో పడిన ప్రతి ఉప్పురాయి యెవరో నడచి తెచ్చినదే. కావున తీరమును గూర్చి మాటాడుటకు మనకును కొంత హక్కు కలదని విన్నవించుకొనుచున్నాను.

నేను నేడు చెప్పబోవునది పూరీ జగన్నాథమునుండి చెన్నపట్టణము వఱకు సాగిన ప్రాచీనమైన తెరువు. దాని పొడవు సుమారు 1,200 కిలోమీటర్లు, అనగా 750 మైళ్ళు. దినమునకు 12 మైళ్ళ చొప్పున నడచినవానికి రెండు నెలలు పట్టును. ఒక వైపున తూర్పుకనుమలు, ఒక వైపున సముద్రము. నడుమ సన్నని నేల. కొండలయం దడవి, జ్వరము; తీరమున నుసుక, ఉప్పునీరు. అందుచేత బాటసారి యీ రెంటికిని నడుమ నడువవలసివచ్చెను.

తీరపు తెరువనగా నెల్లెడల కెరటముల యంచుననే పోవునదని తలపరాదు. నదులు సముద్రమును సమీపించునప్పుడు పాయలుగా చీలును. గోదావరిని సముద్రముకడ దాటవలెనన్న పెక్కు పాయలను వేర్వేఱుగ దాటవలెను. రాజమహేంద్రవరముకడ నైనచో విశాలమే యైనను ఒక్కటే ప్రవాహము. కావున తెరువు నదివద్దకు వచ్చినప్పుడెల్ల లోపలికి తిరిగి, రేవు దాటి, మరల తీరమువైపునకు దిగుచుండెను. ఋషికుల్య, వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, గుండ్లకమ్మ, పెన్న: ఈ పేరులన్నియు బాటసారికి పుణ్యతీర్థములే గాక, పడవవాని దయకై వేచియుండవలసిన చోటులును. వానకాలమున నొక్కొక్క యేటియొద్ద దినముల తరబడి నిలిచిపోవలసి యుండెను.

ఇంక మంచినీరు. ఉప్పుసముద్రము ప్రక్కన నుసుకలో చెలమ త్రవ్విన తియ్యనినీ రూరుట తీరవాసు లందఱు నెఱిగినదే. ఇసుకలో నింకిన వాననీరు తేలికయైనదగుటచే ఉప్పునీటిపై తేలియుండును. కొంచెము త్రవ్విన మంచినీరు. ఆశపడి లోతుగ త్రవ్విన ఉప్పునీరు. ఆ లోతు నెఱిగినవాడు ఊరివాడే గాని బాటసారి కాడు. ఈ సంగతిని మనసున నుంచుకొనుడు. ఏ దూరపు తెరువైనను నడచువాని కాళ్ళతోనే సాగదు. దారిలోనివారి తెలివితోడను, దయతోడను సాగును. ఇదియే నేటి నా మాటల సారము.

ఈ తెరువున నడచిన మహాపురుషులలో చైతన్యుడు మొదట స్మరింపదగినవాడు. 1510 సంవత్సరమున నాతడు పూరీనుండి దక్షిణమునకు కాలినడకను బయలుదేఱి, శ్రీకూర్మమును సింహాచలమును సేవించి, గోదావరీతీరమున రామానందరాయలను కలిసికొనెను. ఈ రామానందుడు ప్రతాపరుద్ర గజపతికి రాజమహేంద్రవర ప్రాంతమున అధికారి. వారిరువురకు జరిగిన భక్తిగోష్ఠి వంగదేశపు వైష్ణవ గ్రంథములలో ప్రసిద్ధి కెక్కినది. అయితే చైతన్యు డొంటరిగా నడువలేదు. నీటిపాత్రయు బట్టలును మోయుటకు కృష్ణదాసు డను బ్రాహ్మణు డొకడు వెంట నుండెను. ఆఱేండ్లకు, 1516లో, శ్రీకృష్ణదేవరాయలు గజపతిపై దండెత్తి వచ్చి సింహాచలేశుని దర్శించి కానుక లర్పించెను. ఆ దేవళపు శాసనము లిందుకు సాక్ష్యము. సన్యాసి నడచిన బాటనే సైన్యమును నడచినది.

మన భాషలో నీ తెరువును గన్నులకు కట్టినట్లు వ్రాసిపెట్టిన పుణ్యము మాత్రము ఏనుగుల వీరాస్వామయ్యగారిది. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ. 1830 సంవత్సరము మే 18వ తేదీన తండయారుపేట తోటనుండి బయలుదేఱి, ఆ రాత్రి మాధవరము చేరెను. తల్లియు, భార్యయు, పరివారమును గలిసి సుమారు నూఱుమంది. పోవునప్పుడు కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయిరి. హైదరాబాదునుండి నాగపురమునకు పోవు బాట నేటికిని మన సిద్ధిపేటకు పడమరగా రామాయంపేట మీదుగానే సాగుచున్నది. తిరిగి వచ్చునప్పుడు గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా నీ తీరపు తెరువును పట్టి, 1831 సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. దాదాపు పదునైదున్నర నెలల యాత్ర. ఆయన తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపిన సంగతులే, ఆయన మరణించిన రెండేండ్లకు, 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చుపడినవి.

ఆ గ్రంథము పండితుల భాషలో లేదు, ఆనాడు చెన్నపట్టణమున మాటాడుకొను తెలుగులో నున్నది. మజిలీ మజిలీకి నెంత దూరము, దారి యెట్టిది, ఊరిలో నిండ్లెన్ని, అంగళ్ళు గలవా, నీరు మంచిదా, దిగుటకు సత్రము గలదా: ఇవియే ఆయన ప్రశ్నలు. దేవాలయమును వర్ణించిన కలముతోనే బావిని గూర్చియు వ్రాసెను. తన వెనుక వచ్చువానికి పనికివచ్చునట్లు వ్రాయవలెనను దయ యా ప్రతి పుటలోను గలదు.

అయితే, శ్రోతలారా, ఒక మాట మఱువరాదు. వీరాస్వామయ్యగారు ప్రయాణము చేసినది పాలకిలో. నేల తొక్కి నడచినది బోయీలు. భుజము మార్చుకొనుచు, ఒకరి యడుగున కొకరు అడుగు కలుపుచు, ఓహోం ఓహోమని యూపిరి కూర్చుకొనుచు, ఎండలో నిసుకను, వానలో బురదను త్రొక్కి, యేళ్ళలో మొలలోతు నీట దిగి పాలకి తడియకుండ పైకెత్తి పట్టినవారు వారు. డేరాలును సామానును మోసినవారు వేఱు. తెలుగుదేశమందలి ప్రతి రాయియు వారి పాదముల కెఱుకయే. కాని వారిలో నొక్కరు వ్రాసిన పుస్తకమైనను మనకు లేదు. పాలకిలోనివాడు చూచినది చరిత్రయయ్యెను. పాలకి క్రిందివాడు చూచినది వానితోనే పోయెను. ఇది వీరాస్వామయ్యగారి తప్పు కాదు. ఆయన వ్రాయకున్న నీ మాత్రమును మనకు తెలియదు. ఇది మన చరిత్రకే కల కొఱత.

ఇంక సత్రములను గూర్చి రెండు మాటలు. ఆకాలమున రాజమార్గ మనినను చాలచోట్ల మట్టిబాటయే. బాటను బాటగ నిలిపినవి సత్రములు, నూతులు, చలిపందిళ్ళు, నీడచెట్లు. జమీందారులును, వర్తకులును, సంతులేని వితంతువులును తమ సొమ్మును వీనియందు వెచ్చించిరి. పెద్దాపుర సంస్థానపు రాణి వత్సవాయి బుచ్చి సీతయ్యమ్మగారు పెద్దాపురమునను, తీరపు బాటమీది కత్తిపూడిలోను సత్రములు నిలిపి అన్నదానము చేయించిరి. అంతఃపురము దాటి రాని స్త్రీ, తాను కన్నెత్తి చూడని బాటసారికి పిడికెడన్నము పెట్టించినది. అయితే ఆ సత్రములలో పంక్తిభేద ముండెను, కులభేద ముండెను. అందఱకు లోపల చోటు లేకుండెను. సత్యమును దాచరాదు గనుక దీనినిగూడ చెప్పుచున్నాను.

వీరాస్వామయ్యగారు సుఖముగ నిల్లు చేరిన మఱుసటి యేడే, నందన సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు మండలమున ఘోరమైన కఱవు వచ్చినది. దానినే మనవారు డొక్కల కఱవందురు. సుమారు అయిదు లక్షల ప్రజలలో రెండు లక్షలమంది సమసిరని లెక్కించిరి. వేలకొలది జనులు బిడ్డలను చంకబెట్టుకొని యీ తీరపు తెరువుననే చెన్నపట్టణమువైపు నడచిరి. చాలమంది దారిలోనే కూలిరి. యాత్రికునికి పుణ్యమిచ్చిన బాట ఆకలిగొన్నవానికి శ్మశానమైనది. బాట యొక్కటే, నడచువాని చేతిలో మూట యున్నదా లేదా యనునదియే భేదము.

తరువాత కాలము మాఱినది. 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట లేచెను. కాలువలలో పడవలు తిరిగెను. 1890 దాటిన పిమ్మట తీరము వెంబడి రైలు వచ్చెను. 1900లో గోదావరిపై వంతెన మీదుగ బండ్లు నడచెను. రెండు నెలల నడక రెండు దినముల కూర్చుండుటగ మాఱెను. బోయీలు వేఱు పనులు వెదకికొనిరి. సత్రములు పాడుపడెను, లేదా కచేరీలయ్యెను. దూరము నడచుట యిక ముగిసిన కథ యని అందఱును తలచిరి.

ముగియలేదు. 2020 సంవత్సరము మార్చి 25వ తేదీనుండి అంటువ్యాధి భయముచే దేశమంతట రాకపోకలు నిలుపుచేయబడినప్పుడు, పనులు పోయిన కూలీలు నడచి యిండ్లకు బయలుదేఱిరి. చెన్నపట్టణమునుండి ఒడిశా, వంగ, బిహారు దేశములవారు నెల్లూరు, ఒంగోలు, విజయవాడల మీదుగా తీరపు తెరువున నుత్తరమునకు నడచిరి. హైదరాబాదునుండి బయలుదేఱినవారు మేడ్చల్, రామాయంపేటల మీదుగా నాగపురపు బాటను పట్టిరి. వీరాస్వామయ్యగారు పోయిన బాటయు, వచ్చిన బాటయు, రెండును నూటతొంబది యేండ్ల పిమ్మట మఱల కాలినడకవారితో నిండెను. ఈసారి పాలకులు లేవు. తలపై మూటలు, భుజముపై బిడ్డలు. దారికి తారు కలదు గాని నీడ లేదు. ప్రాత సత్రములు లేవు. అప్పుడు దారిప్రక్క ఊళ్ళవారు తమంతట తామే అన్నపుపొట్లములు, మజ్జిగ, నీళ్ళు, చెప్పులు తెచ్చి యిచ్చిరి. ఎవ్వరి కులమును అడుగక యిచ్చిరి. పాడుపడినవి సత్రపు గోడలే గాని సత్రపు బుద్ధి పాడుకాలేదని ఆనాడు తెలిసినది.

కాని ఆ నడచినవారి కథను వ్రాసినవారెవరు? బోయీల కథవలెనే యిదియు పోవలసినదేనా? శ్రోతలారా! మీ యింట నొక ముసలివా డుండవచ్చును. బండెడు ధాన్యముతో నడచినవాడు, జాతరకు నడచినవాడు, కఱవునాడు పొట్టచేతబట్టుకొని నడచినవాడు. వానిని కూర్చుండబెట్టి, ఏ ఊర మజిలీ చేసితివి, ఏ బావి నీరు త్రాగితివి, ఎవరన్నము పెట్టిరి యని అడుగుడు. వీరాస్వామయ్యగా రడిగిన ప్రశ్నలే యవి. ఉత్తరములను తేదీతోను, ఊరి పేరుతోను ఒక పుస్తకమున వ్రాసికొనుడు. రాజులు తమ శాసనములను రాళ్ళపై చెక్కించుకొనిరి. నడచినవారికిని, మోసినవారికిని, దారిలో నీరు పోసినవారికిని మన కాగితమే శాసనము.