గాలి తగిలితే మండే మనిషి

1939 ఆగస్టు నెలాఖరు. న్యూయార్క్‌లో పత్రికలమ్మే బడ్డీల దగ్గర పది సెంట్ల పుస్తకమొకటి కొత్తగా కనబడింది. అట్ట మీద ఉక్కు గోడను కరిగించుకుని ఒక ఆకారం బయటికి దూసుకొస్తోంది. తల నుంచి కాళ్ల దాకా మంటలే. ఎదురుగా ఉన్నవాడు తుపాకి పేలుస్తున్నాడు గానీ, ఆ మంటను తూటా ఆపేలా లేదు. పుస్తకం పేరు ‘మార్వెల్ కామిక్స్’, మొదటి సంచిక. అది బడ్డీలకు చేరిన రోజుల్లోనే, సెప్టెంబర్ 1న, హిట్లర్ సైన్యం పోలండ్‌లోకి చొరబడింది.

ఆ ఆకారం పేరు హ్యూమన్ టార్చ్. టార్చ్ అంటే తెలుగువాళ్లకు వెంటనే బ్యాటరీ లైటు గుర్తొస్తుంది. ఇక్కడ దాని పాత అర్థం తీసుకోవాలి: కాగడా. ‘ఫెంటాస్టిక్ ఫోర్’ సినిమాల్లో మన పిల్లలు చూసిన జానీ స్టార్మ్ కాదితడు. జానీకి ఇరవై రెండేళ్ల ముందే పుట్టినవాడు. అసలు మనిషే కాదు, మరమనిషి.

కథ ఇలా మొదలవుతుంది. ఫినియస్ హోర్టన్ అనే శాస్త్రవేత్త అచ్చం మనిషిలాంటి కృత్రిమ మానవుణ్ణి తయారుచేస్తాడు. ఒక్క లోపం మిగిలిపోతుంది. ఒంటికి ఆక్సిజన్ తగిలిందంటే అతడు భగ్గున అంటుకుంటాడు. అందుకే గాలి చొరబడని గాజు గొట్టంలో ఉంచుతారు. ఆ వింతను చూసిన జనం హడలిపోయి, దాన్ని నాశనం చెయ్యమని పట్టుబడతారు. చివరికి హోర్టన్ తన సృష్టిని కాంక్రీటులో పాతిపెడతాడు. కాంక్రీటుకు సన్నటి పగులొస్తే చాలు కదా! గాలి లోపలికి పాకుతుంది, పేలుడు జరుగుతుంది, మంటల మనిషి ఊరి మీద పడతాడు. తాను ఎవరో, ఎందుకు మండుతున్నాడో అతనికే తెలియదు. మంట ఆర్పుకోవడానికి దొరికిన ఈత కొలనులో దూకితే, ఆ కొలను ఒక దందాకోరుది. వాడు ఇతణ్ణి బెదిరింపుల వ్యాపారానికి వాడుకోవాలని చూస్తాడు. మంటను అదుపు చెయ్యడం నేర్చుకుని తిరిగొచ్చాక, పుట్టించిన హోర్టన్ కూడా ఇతనితో డబ్బు చేసుకోవాలనే ఆలోచిస్తాడు. మరమనిషి ఒప్పుకోకుండా వెళ్లిపోతాడు.

ఈ కథను కండల వీరుడి సాహసంగా చదివితే సగమే అందుతుంది. తాను కోరకుండానే ప్రమాదకరంగా పుట్టిన ఒక ప్రాణి కథ ఇది. ఆ రోజుల సూపర్ హీరో కథల్లో ఇంత దిగులు ఉన్నవి తక్కువ.

గాలి తగిలితే మండడం పూర్తి కల్పన కూడా కాదు. బడిలో సైన్సు టీచరు తెల్ల భాస్వరం ముక్కను నీళ్ల సీసాలో ఎందుకు దాచాలో చెప్పే ఉంటారు. దానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. 30 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే గాలిలోని ఆక్సిజన్‌తోనే అంటుకుంటుంది. మన ఎండాకాలపు మధ్యాహ్నం దానికి ఎక్కువే. హామ్‌బర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది 1669లో మూత్రాన్ని మరిగించి మరిగించి ఈ పదార్థాన్ని బయటికి తీశాడు. చీకట్లో వెలిగే ఆ ముద్దను చూసి అతను ఎంత విస్తుపోయి ఉంటాడో! మంటకు మూడు కావాలి: మండే వస్తువు, ఆక్సిజన్, వేడి. ఒకటి తీసేస్తే మంట ఆరిపోతుంది. హోర్టన్ గాజు గొట్టం చేసిందీ అదే, భాస్వరం సీసాలో నీళ్లు చేసేదీ అదే.

టార్చ్‌ను ఊహించినవాడు కార్ల్ బర్గోస్. 1916లో న్యూయార్క్‌లోని యూదు కుటుంబంలో మాక్స్ ఫింకెల్‌స్టీన్‌గా పుట్టి, బొమ్మల కోసం పేరు మార్చుకున్నాడు. టార్చ్‌ను గీసేనాటికి ఇరవైల తొలి ఏళ్లలో ఉన్నాడు. అప్పటికి ఆ ఊరంతా మరమనుషుల మాటే. 1939 ఏప్రిల్‌లో మొదలైన న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏడడుగుల ‘ఎలెక్ట్రో’ను నిలబెట్టింది. అది నడిచేది, మాట్లాడేది, సిగరెట్ కూడా కాల్చేది. రేపటి ప్రపంచం ఇదేనని జనం మురిసిపోతున్న ఊళ్లో, అదే యంత్రం అంటుకుంటే ఏమవుతుందని బర్గోస్ అడిగాడు.

అతను పనిచేసింది ఫన్నీస్ ఇన్‌కార్పొరేటెడ్ అనే చిన్న సంస్థకు. పుస్తకంలోకి కావలసిన కథలను తయారుచేసి ప్రచురణకర్తలకు అందించడం దాని పని. అక్కడ అతని మిత్రుడు బిల్ ఎవరెట్. బర్గోస్ నిప్పు ఎంచుకుంటే ఎవరెట్ నీళ్లు ఎంచుకుని సముద్రగర్భపు రాకుమారుడు నేమోర్‌ను సృష్టించాడు. ఇద్దరి వీరులూ ఒకే సంచికలో అచ్చయ్యారు. మరుసటి ఏడాది, 1940లో, ఇద్దరినీ ఒకరి మీదకి ఒకరిని వదిలారు. నిప్పుకూ నీటికీ జరిగిన ఆ పోరు మూడు సంచికలు సాగి, ఎవరూ గెలవకుండా ముగిసింది. అంతవరకు ఏ వీరుడి లోకం వాడిదే. ఒకడి కథలోకి ఇంకొకడు వచ్చి తలపడడం పాఠకులకు కొత్త. ఈనాడు పదుల సినిమాలను ఒకే లోకంగా కలిపి కుడుతున్న పద్ధతికి వేరు అక్కడుంది.

బర్గోస్ మంటను ఎలా గీశాడో కాస్త దగ్గరగా చూడాలి. చవక న్యూస్‌ప్రింట్ కాగితం. సిరా పడితే పీల్చుకుంటుంది, అంచులు చెదురుతాయి. ఎరుపు, పసుపు, నీలం సిరాలను చుక్కలుగా అద్ది, నలుపు గీతలతో కలిపి అచ్చేసే పద్ధతిలో మహా అయితే 64 రంగులు దక్కేవి. అందులోనే నిప్పు కనబడాలి. అతను శరీరాన్ని దాదాపు ఖాళీ ఎర్రటి ఆకారంగా వదిలేసి, భుజాల నుంచి, మడమల నుంచి వెనక్కి ఎగిరే నాలుకల్ని సన్నటి గీతలతో గీసేవాడు. ముఖం ఆ ఎరుపులో సగం కరిగిపోయినట్టు ఉంటుంది. అచ్చులో రంగు గీత దాటి పక్కకు జరిగినా, మంట కాబట్టి అది తప్పులా కనిపించదు. ఆ కాగితానికీ ఆ సిరాకూ ఇంతకన్నా బాగా నప్పిన వీరుడు మరొకడు లేడు.

యుద్ధం ముదిరింది. జనాన్ని హడలెత్తించిన మరమనిషి ఈలోగా జిమ్ హామండ్ అనే పేరుతో న్యూయార్క్ పోలీసు కొలువులో చేరాడు. టోరో అనే కుర్రవాడిని శిష్యుడిగా తెచ్చుకుని, అట్టల మీద నాజీ సైన్యాలను తగలబెట్టాడు. శాంతి వచ్చాక ఇలాంటి వీరులకు గిరాకీ పడిపోయింది. 1949లో అతని కథలు ఆగిపోయాయి. 1953 చివర్లో మళ్లీ తెచ్చారు. అప్పుడొచ్చిన ఒక కథలో బంకర్‌లోని హిట్లర్‌ను కాల్చి చంపింది ఇతడేనని రాశారు. యూదు చిత్రకారుడి ఊహలో పుట్టిన మంటకు ఆ కథ దక్కడం గమనించదగ్గ సంగతి. కొద్ది నెలలకే ఆ పునరాగమనం కూడా ముగిసింది.

1961 ఏప్రిల్ 12న యూరి గగారిన్ భూమిని చుట్టొచ్చాడు. ఆ వేసవిలోనే రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కిర్బీ ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదలుపెట్టారు. రష్యా వాళ్లకన్నా ముందుండాలన్న తొందరలో నలుగురు రాకెట్ ఎక్కుతారు, అంతరిక్షంలో కాస్మిక్ కిరణాలు వాళ్లను తాకుతాయి. అందులో కుర్రవాడు జానీ స్టార్మ్. పాత పేరునూ పాత మంటనూ అతనికి తొడిగారు. ఇరవై రెండేళ్లలో భయం చిరునామా మార్చుకుంది. ప్రయోగశాల గాజు గొట్టం నుంచి ఆకాశానికి వెళ్లింది.

కాస్మిక్ కిరణాల కథ నిజానికి బెలూన్ల కథ. 1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5 వేల మీటర్ల పైకి వెళ్లాడు. పైకి పోయేకొద్దీ రేడియేషన్ తగ్గుతుందనుకుంటే పెరిగింది. అంటే అది నేలలోంచి కాదు, బయటి నుంచి వస్తోంది. 1936లో ఆయనకు నోబెల్ దక్కింది. ఆ వెతుకులాటలో మన హైదరాబాద్‌కూ చోటుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం అక్కడి నుంచే దశాబ్దాలుగా పరికరాలను ఆకాశానికి పంపుతోంది. ఈ కిరణాలు మనిషిని మండించవు. కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, క్యాన్సర్ ముప్పు పెంచుతాయి. చంద్రుడి దారిలో వెళ్లిన అపోలో వ్యోమగాములకు కళ్లు మూసుకున్నా మెరుపులు కనిపించాయి. కాస్మిక్ కిరణాలు కంట్లోంచి దూసుకుపోయిన గుర్తులవి. కిర్బీ గీసిన మంట కన్నా ఈ నిజమైన మెరుపే ఒళ్లు జలదరింపజేస్తుంది.

ఇక ఎగరడం. వేడి గాలి తేలిక కాబట్టి మంటల మనిషి పైకి లేస్తాడని కామిక్స్ చెబుతాయి. లెక్క వేద్దాం. 70 కిలోల మనిషి శరీరం పక్కకు నెట్టే గాలి 70 లీటర్లు. ఆ గాలి బరువు 84 గ్రాములు. అంటే శరీరం మొత్తం శూన్యంగా మారినా గాలి అతణ్ణి ఎత్తగలిగేది 84 గ్రాముల మేరకే. వేడి గాలి బెలూన్‌లో లోపలి గాలి 100 డిగ్రీలు ఉందనుకుంటే, ఘనపు మీటరుకు పావుకిలో బరువు లేస్తుంది. 70 కిలోలకు 280 ఘనపు మీటర్లు కావాలి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు పది. జానీ చుట్టూ అంత వేడి గాలి ఎక్కడా కనిపించదు. అతను ఎగరాలంటే రాకెట్‌లా వాయువును కిందికి తన్నాల్సిందే.

ఇంధనం మాటేమిటి? మనిషి రోజంతా తినే 2 వేల కిలోకేలరీల ఆహారంలో ఉన్న శక్తి పావు లీటరు పెట్రోలుతో సమానం. దాంతో స్కూటీ పది పన్నెండు కిలోమీటర్లు పోతుంది. ఊరు దాటి ఊరు ఎగిరే వాడికి ఆ భోజనం ఏ మూలకూ రాదు.

సినిమా స్టంట్ మనుషులు మాత్రం నిజంగానే ఒంటికి నిప్పు పెట్టుకుంటారు. మంట తట్టుకునే బట్టలు, చర్మానికి నీటితో చేసిన చల్లటి జెల్, చుట్టూ ఆర్పే సిబ్బంది. అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త ఊపిరి బిగబట్టడం. చర్మాన్ని కాపాడుకోవచ్చు, మండుతున్న వాయువు ఒక్క గుక్క లోపలికి పోతే గొంతు, ఊపిరితిత్తులు కాలిపోతాయి. ‘ఫ్లేమ్ ఆన్!’ అని నోరు తెరిచి అరవడం జానీ వల్లే అవుతుంది.

ఈ చరిత్రలో మనసును కలచే పేజీ రాతినారది, అంటే ఆస్‌బెస్టాస్‌ది. మంటను ఆపేదేది అని ఆలోచించిన ప్రతిసారీ రచయితలు దాన్నే పట్టుకొచ్చారు. 1947లో ఆస్‌బెస్టాస్ లేడీ అనే విలన్, 1963 ఆగస్టులో రాతినార కవచం తొడుక్కున్న ఆస్‌బెస్టాస్ మ్యాన్. పిల్లల పుస్తకంలో అది భద్రతకు గుర్తు. సరిగ్గా మరుసటి ఏడాది, 1964లో, డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్ బృందం న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతపు ఇన్సులేషన్ కార్మికుల లెక్క బయటపెట్టింది. 632 మందిలో ఊపిరితిత్తుల, వాటి పొర క్యాన్సర్‌తో చనిపోయినవారు ఆరేడుగురు ఉండాల్సిన చోట 45 మంది. పిల్లలు చదివిన కామిక్స్‌లో అదే దుమ్ము విలన్ల కవచం. రాతినార మనకు దూరపు వస్తువేమీ కాదు. కడప జిల్లా పులివెందుల పరిసరాల్లో దాన్ని తవ్విన గనులున్నాయి. సిమెంటు రేకుల రూపంలో ఎన్నో ఇళ్ల కప్పులయింది. రేకుకు రంధ్రం వేసేటప్పుడు ఎగిరే తెల్లటి పొడిని చేత్తో తుడుచుకునే కూలీకి ఈ లెక్క ఎవరు చెప్పారు?

బర్గోస్ సంగతి మిగిలింది. పేజీల లెక్కన డబ్బు పుచ్చుకున్నాడు, హక్కులు ప్రచురణకర్తకు పోయాయి. 1964లో ఒకే ఒక్క సంచికకు జానీ స్టార్మ్ బొమ్మలు గీశాడు. తాను పుట్టించిన మంటను ఇంకొకరి పాత్రకు, కూలికి గీయడమన్నమాట. అప్పటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్ మొదటి గడువు 28 ఏళ్లు. టార్చ్‌కు అది 1967లో ముగుస్తుంది. ఆ గడువు దగ్గరపడుతుండగా తన పాత్ర తనకు కావాలని బర్గోస్ గట్టిగా అడిగాడు. 1966 వేసవిలో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ వార్షిక సంచికలో పాత మరమనిషి ఏళ్ల తర్వాత మేల్కొన్నాడు. జానీతో పోరాడాడు, చివరికి అతని కోసం నిలబడి చనిపోయాడు. ఆ వేసవిలోనే బర్గోస్ తన దగ్గరున్న కామిక్స్ సరంజామానంతా బయట పారేశాడని ఆయన కూతురు తర్వాత చెప్పారు. హక్కులు దక్కలేదు. 1984లో కన్నుమూశాడు.

టార్చ్ పేరు చుట్టూ హక్కుల చిక్కులు ఆ తర్వాతా తెగలేదు. 1978లో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ టీవీ కార్టూన్‌లో నలుగురిలో జానీ ఒక్కడే లేడు, బదులుగా ఒక చిన్న రోబోను పెట్టారు. పిల్లలు ఒంటికి నిప్పంటించుకుంటారన్న భయంతో తీసేశారని చాలాకాలం ప్రచారం జరిగింది. అసలు కారణం, అతని పాత్ర హక్కు అప్పటికే వేరే నిర్మాణ సంస్థకు ఇచ్చి ఉండటం.

2005లో జానీగా మండిన నటుడు క్రిస్ ఎవాన్స్, 2011 సినిమాలో కెప్టెన్ అమెరికా అయ్యాడు. అందులో యుద్ధకాలపు ప్రదర్శనశాల దృశ్యం ఒకటుంది. జనం మధ్య నిలువెత్తు గాజు గొట్టం, లోపల ఎర్ర దుస్తుల్లో కదలని బొమ్మ, పక్కన హోర్టన్ పేరు. కెమెరా దాని మీద క్షణం కూడా నిలవదు.