కాగితం పూలకి ఆ రెండో పేరు ఎలా వచ్చింది?

ఈ వారం పెరటి మొక్కల ముచ్చట్లలో కాగితం పూల గురించి చెప్పుకుందాం. మన ఊళ్ళలో ప్రహరీగోడల మీదా, బడి గేట్ల మీదా ఊదాగా, ఎర్రగా విరగబూసే ముళ్ళ పొద అదే. ఇక్కడ హ్యూస్టన్ నర్సరీల్లో బోగన్‌విల్లా అంటారు. మనవాళ్ళు చెట్టుని చూసి పేరు పెట్టారు. రెండో పేరు మాత్రం ఒక ఓడ నాయకుడిది. ఆ పేరు చాటున ఉండిపోయిన ఒక మనిషి కథ మన పిల్లలకి తెలియాలని నా కోరిక.

ఫ్రెంచి నౌకాధికారి బూగన్‌విల్ 1766 చివర్లో భూమి చుట్టి రావడానికి బయలుదేరాడు. వెనకాల వచ్చిన రెండో ఓడలో కొమ్మెర్సాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడూ, ఆయన నౌకరూ ఉన్నారు. ఆ నౌకరు మగవేషంలో ఉన్న ఆడమనిషి. పేరు ఝాన్ బారే. 1740లో బర్గండీ ప్రాంతంలో ఒక పేద పల్లె కుటుంబంలో పుట్టింది. ఫ్రెంచి నౌకాదళం ఓడల్లో ఆడవాళ్ళు ఎక్కకూడదని నిషేధం, అందుకే ఆ వేషం.

1767లో ఓడలు బ్రెజిల్‌లోని రియో డి జనీరో చేరాయి. ఈ మొక్కని కొమ్మెర్సాన్ అక్కడే సేకరించాడు. అప్పటికే ఆయన కాలి పుండుతో బాధపడుతున్నాడు. కాబట్టి ఆ కొమ్మ కోసింది బారేయే అయ్యుండాలని కొందరు చరిత్రకారులంటారు. దానికి రాతపూర్వకమైన ఆధారం లేదు. కానీ మెజిల్లాన్ జలసంధి దగ్గర మంచుకొండలెక్కేటప్పుడు తిండీ, ఆయుధాలూ, మొక్కల పుస్తకాలూ ఆమే మోసిందని బూగన్‌విల్ స్వయంగా రాశాడు. ఆమె ఆడమనిషని 1768లో తహితి దీవిలో బయటపడిందని కూడా ఆయనే రాశాడు.

ఆ ఏడాది చివర్లో ఇద్దరూ ఇవాళ్టి మారిషస్‌లో దిగిపోయారు. కొమ్మెర్సాన్ 1773లో అక్కడే చనిపోయాడు. బారే మరుసటి ఏడు ఒక ఫ్రెంచి సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని, తర్వాత స్వదేశం చేరింది. భూమిని చుట్టివచ్చిన మొదటి స్త్రీగా ఇవాళ చరిత్ర ఆమెని లెక్కిస్తుంది. 1785లో నౌకాదళం ఆమెకి ఏడాదికి 200 లీవ్రల పింఛను ఇచ్చింది. 1789లో జుస్యూ అనే శాస్త్రజ్ఞుడు ఈ మొక్క ప్రజాతికి బూగన్‌విల్ పేరు మీద పేరు పెట్టి అచ్చువేశాడు. కొమ్మెర్సాన్ ఒక మొక్కకి బారే పేరు పెట్టాలనుకున్నాడు గానీ అది నిలవలేదు. చివరికి 2012లో దక్షిణ అమెరికా మొక్క ఒకదానికి సొలానమ్ బారెటియే అని పెట్టారు. అది మన వంకాయ, టమాటాల ప్రజాతే.

మారిషస్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. బారే వెళ్ళిపోయిన అరవై ఏళ్ళ తర్వాత, 1830ల నుంచి, మన తెలుగువాళ్ళు ఆ దీవికి చెరకుతోటల కూలీలుగా వెళ్ళారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కారు కనుక వాళ్ళని కోరంగీలన్నారు. మోసినవాళ్ళ పేర్లు పోయి రేవు పేరు మిగిలింది. బారే కథ చదివినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు. అయితే వాళ్ళ సంతతి భాషనీ పండగనీ వదల్లేదు. ఉగాది ఇవాళ మారిషస్‌లో ప్రభుత్వ సెలవు.

ఇక పెంపకం. మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే. వృక్షశాస్త్రంలో పుచ్ఛాలంటారు. మూడు పుచ్ఛాల నడుమ సన్నగా, తెల్లగా కనిపించేవి అసలు పూలు. రోజుకి ఆరు గంటల ఎండ తగలాలి. పైమట్టి ఆరాకే నిండుగా నీళ్ళు పొయ్యండి. రోజూ నీళ్ళూ, నత్రజని ఎరువూ పోస్తే ఆకులు గుబురుగా వస్తాయి గానీ పూలు రావు. పూత కొత్త చిగుళ్ళకే వస్తుంది, కాబట్టి ఒక విడత పూత అయ్యాక కొమ్మలు కత్తిరించాలి. వేళ్ళు చాలా సున్నితం. కుండీ మార్చేటప్పుడు మట్టిగడ్డ చెదరకూడదు.

దీనికి మంచు గిట్టదు. 2021 ఫిబ్రవరి చలికి మా పెరట్లో రెండు పొదలూ నల్లగా మాడిపోయాయి. నేను వాటిని పీకెయ్యలేదు. బెరడు గోటితో గీకితే మొదట్లో పచ్చదనం కనిపించింది. వేసవికి అక్కణ్ణించే చిగుళ్ళొచ్చాయి. చలికాలానికి కుండీల్లోవి గరాజ్‌లోకి చేర్చండి. నేలలోవాటి మొదళ్ళకి ఎండుటాకులు కప్పండి.

ఇంకొక సంగతి. ప్రపంచంలో ఎక్కడ కొత్త రకం బోగన్‌విల్లా పుట్టినా దాని పేరు నమోదుచేసే బాధ్యత ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థది. అంటే ఈ మొక్క పేర్ల పుస్తకం ఇప్పుడు మన దేశంలో ఉంది. ఈ వారాంతం నర్సరీకి వెళ్తే కుండీకి కట్టిన చీటీ పిల్లలచేత చదివించండి. కాగితం పూలన్న మన పేరూ చెప్పండి, ఝాన్ బారే పేరూ చెప్పండి. మళ్ళీ వారం కలుసుకుందాం. సెలవు.